ఢోల్‌కల్ దారిలో ఒక రాత్రి

కొండలెక్కే వయస్సు నాకు దాటిపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసును. తెలియనిది నా ఒక్కడికే అని మా ఆవిడ అభిప్రాయం. ఏభై అయిదేళ్ళు నిండినవాడు, మోకాళ్ళకు రెండు పూటలా తైలం రాసుకొనేవాడు, అడవిలో పడుకొని తెల్లవారుజామున శిఖరం చేరుకొంటానని బయలుదేరటం ఏమి వివేకమని ఆమె అడిగినప్పుడు నావద్ద సమాధానం లేకపోయింది. నిజానికి కారణాలు రెండున్నవి. ఒకటి నా బాల్యానికి సంబంధించినది, రెండవది ఒక ఉత్తరానికి సంబంధించినది. ఉత్తరం సంగతి తరువాత చెబుతాను.

మా నాన్నగారు రైల్వేలో చిన్న ఉద్యోగి. కొత్తవలసనుండి కిరందుల్ వరకు తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో వేసిన మార్గం 1960లలో సిద్ధమయింది. బైలడీలా కొండలలోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి అక్కడినుండి ఓడలలో జపానుకు పంపటం కొరకే ఆ మార్గం పుట్టింది. 1968లో కిరందుల్ కొండపై త్రవ్వకం మొదలైంది. బైలడీలా అంటే ఎద్దు మూపురం. దూరంనుండి చూస్తే ఆ కొండల వరుస నిజంగానే, మేత మేసి పడుకొన్న ఎద్దువలె ఉంటుంది. ఆ ఎద్దు కాళ్ళవద్ద నా ఆరవయేటినుండి పదిహేనవయేటివరకు పెరిగాను. క్వార్టర్లు, మార్కెట్టు, సినిమా, బడి, పట్టాలు, వీటన్నిటిపై ఎర్రటి ధూళి. అమ్మ ఉతికి ఆరవేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగు పట్టేది. పట్టాలకు ఆవల అడవి. ఆ వైపు వెళ్ళవద్దని నాన్నగారి ఆజ్ఞ. తొమ్మిదేళ్ళు ఆ అడవిని కిటికీలోనుండి చూచాను కాని ఒక్కసారి కూడా అందులో అడుగుపెట్టలేదు. ఇప్పుడు తలుచుకొంటే, సముద్రపుటొడ్డున పెరిగి కాళ్ళు తడుపుకోనివాడి కథవలె ఉన్నది నాది.

బడిలో చదువు హిందీలో. మా వెనుక బల్లపై చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన ముగ్గురు నలుగురు పిల్లలు కూర్చునేవారు. మనం గోండులని వ్యవహరించేవారు తమను తాము కోయతూర్ అని చెప్పుకొంటారు; ఆ పిల్లలు వారు. ఒకనాడు మాస్టారు కుండలోని నీళ్ళు చూపి ఇదేమిటని వారిలో ఒకణ్ణి అడిగారు. ‘పానీ’ అనవలసినవాడు తడబడి ‘యేర్’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ మాట నాకు అర్థమయింది. అమ్మమ్మగారి ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలతో ఏటికి వెళ్ళేవారు, ఆ ఏరే ఇది. మాస్టారికి అర్థం కాని మాట, అరవైమందిలో నాకొక్కడికి అర్థమయిన మాట. లేచి నిలబడి చెప్పవచ్చును. చెప్పలేదు. భాషల మధ్య నిలబడి మాట అందించటం వృత్తిగా చేసుకొన్నవాడికి ఇంతకంటె చెడ్డ ఆరంభం ఉండదు కాబోలు.

హిందీలో ఎమ్మే చేసి, ఉపన్యాసకుడనై, ముప్ఫై అయిదో ఏటినుండి అనువాదాలు చేస్తున్నాను. మొదట అచ్చయిన నా పుస్తకం బస్తర్‌ను గురించిన కొన్ని హిందీ వ్యాసాల సంపుటి. బస్తర్‌ను గురించి హిందీలో మంచి రచనలు లేకపోలేదు. జగదల్‌పూర్‌లో పుట్టిన శానీ వ్రాసిన ‘శాల్‌వనోం కా ద్వీప్’ పేరైనా వినని హిందీ పాఠకుడుండడు. నా సంపుటి అంతటిది కాదు. అయినా దానిని చేపట్టినప్పుడు నాకు గర్వంగానే ఉండేది. ఆ ప్రాంతంలో పెరిగినవాణ్ణి కదా, నాకంటె యోగ్యుడెవరని అనుకొన్నాను.

ఈ సంవత్సరం మాఘమాసం చివర విశాఖపట్నంలో కిరందుల్ పాసింజరెక్కాను. అరకు దాటినదాకా పర్యాటకుల కోలాహలం, ఆ పిమ్మట రైలు ఖాళీ. ఒడిశా దాటి, జగదల్‌పూర్ దాటి, దంతెవాడలో దిగేసరికి రాత్రి అయింది.

మరునాడు ఉదయం దంతేశ్వరి ఆలయానికి వెళ్ళాను. పురుషులు పంచె కట్టుకొంటేనే లోపలికి రానిస్తారు. తెలుగువాడు ఈ ఆలయంలో పూర్తిగా పరాయివాడు కాడు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు సంప్రదాయం. దేవి అతని వెనుక నడచి వచ్చిందట. వెనుదిరిగి చూడకు, నా అందెల చప్పుడు వింటూ ముందుకు సాగు, అన్నదట. శంఖినీ డంకినీ నదుల సంగమంలో ఇసుకలో కాలు కూరుకొని అందెల చప్పుడు ఆగింది. అన్నమదేవుడు తిరిగి చూచాడు. దేవి అక్కడే నిలిచిపోయింది.

ఈ కథకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించింది రెండు రాళ్ళ సంగతి. ఆ వంశానికే చెందిన దిక్పాలదేవుని కాలంలో, 1703లో, ఇక్కడ రెండు శాసనాలు వేశారు. ఒకటి సంస్కృతంలో, రెండవది అదే విషయం దేశభాషలో. కలియుగంలో సంస్కృతం చదివేవారు బహు కొద్దిమంది కనుక రెండవ రాతిపై భాషలో వ్రాస్తున్నామని ఆ రెండవ రాతిమీదనే ఉన్నది. వ్రాసినవాడు రాజగురువు, మైథిలుడు, భగవాన్ మిశ్రుడు. ఛత్తీస్‌గఢీ గద్యానికి తొలి ఉదాహరణలలో ఒకటిగా కొందరు దీనిని చూపుతారు. నా దృష్టిలో అది ఒక అనువాదకుని పీఠిక. ఎవరి కొరకు అనువదిస్తున్నాడో, ఎందుకు అనువదిస్తున్నాడో మూడు ముక్కలలో రాతిమీద చెప్పినవాడు మన శాఖలో మరొకడున్నట్లు నేను ఎరుగను. అయితే ఆలయంలో నిలబడి ఉన్నప్పుడు ఒక సందేహం పుట్టింది. మూడవ రాయి ఏదీ? సంగమంలో స్నానం చేసి, జాతరకు డోళ్ళు మోసుకొని వచ్చినవారి భాష సంస్కృతమూ కాదు, ఆ దేశభాషా కాదు. మిశ్రుడు పాఠకుని కొరకు ఒక మెట్టు దిగాడు, అక్కడ ఆగాడు. నేను అతని పరంపరలోనివాణ్ణే.

ఫరస్పాల్ చేరేసరికి మూడు గంటలయింది. ఢోల్‌కల్ అనేది బైలడీలా వరుసలోనే దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున్న ఒక శిఖరం. కొనమీద, గోడ లేక, కప్పు లేక, ఆకాశం క్రింద కూర్చున్న రాతి వినాయకుడున్నాడు. ఛిందక నాగవంశపు రాజులనాటి విగ్రహమనీ, వెయ్యేళ్ళకు దగ్గరి వయస్సుంటుందనీ చెబుతారు. పరశురామునికీ గణపతికీ ఇక్కడనే యుద్ధం జరిగిందనీ, దంతం విరిగిందనీ, పరశువు పడినచోటు ఫరస్పాల్ అయిందనీ ఆ చుట్టుప్రక్కల చెప్పుకొంటారు. చురుకైనవారు పూటలో వెళ్ళి రాగల దూరమే. నా మోకాళ్ళను నమ్ముకొని కాదు గనుక, సగం దారిలో రాత్రి గడిపి తెల్లవారకమునుపే మిగిలినది ఎక్కాలని ఏర్పాటు చేసికొన్నాను.

దారి చూపటానికి వచ్చినతనికి అరవై ఉంటాయి. సన్నగా, పొడవుగా, భుజాన గొడ్డలి వేసికొని వచ్చాడు. ఆ గొడ్డలిని అక్కడ తంగియా అంటారు. నేను పుస్తకాలు వ్రాస్తానని ఎవరో చెప్పగా నన్ను ‘గురూజీ’ అన్నాడు. నేను అతనిని ‘దాదా’ అన్నాను. బస్తర్‌లో పెద్దవాణ్ణి అలాగే పిలుస్తారు. ఆ మాటకు ఇక్కడ మరొక అర్థం కూడా ఏర్పడింది. తుపాకి పట్టి అడవిలో తిరిగేవారిని సైతం పల్లెలవారు దాదాలనే అన్నారు. 2005లో సల్వా జుడుం మొదలైననాటినుండి, 2011లో సుప్రీం కోర్టు అది చెల్లదని తీర్పు చెప్పేవరకు, ఆ తరువాత కూడా, ఈ జిల్లాలో ఎన్ని పల్లెలు ఖాళీ అయినవో నాకంటె బాగా చెప్పగలవారు చెప్పారు. దాదాను ఆ సంగతి నేను అడగలేదు. అతను చెప్పలేదు. కొంతదూరం నడచినాక ఒక పాడుబడ్డ పొలాన్ని చూపి, ఇది మా తమ్ముడిది, అని మాత్రం అన్నాడు.

అడవిలోకి ప్రవేశించిన తరువాత మొదటి అరగంట నేను నా పుస్తకాన్నే చదువుకొంటున్నట్లు నడిచాను. ఇది సాల్, ఇది తేందూ, ఇది మహువా, ఇది చార్. దాదా ఒక్కొక్క చెట్టుపై చేయి వేసి పేరు చెబుతున్నాడు. నేను తల ఊపుతున్నాను. ఈ పేర్లన్నీ నేను తెలుగు లిపిలో వ్రాసినవే, అడుగున చుక్కగుర్తు పెట్టి వివరణలిచ్చినవే. కాళ్ళు నొప్పి పుట్టి ఒక రాతిపై కూలబడినప్పుడు, ఎదుటి చెట్టు బెరడు పగిలి కారి గడ్డకట్టిన బంకను గోటితో గిల్లి వాసన చూచాను. ప్రాణం లేచి వచ్చింది. శుక్రవారంనాడు అమ్మ నిప్పులపై వేసే గుగ్గిలం! సాల్ అంటే మన గుగ్గిలం చెట్టు. తేందూ అంటే తునికి. వేసవిలో తునికిపండ్లు తిని నాలుక మొద్దుబారినవాణ్ణి నేను. మహువా మన ఇప్ప. చార్ మన సారపప్పు చెట్టే. మావద్ద డొప్పలు కుట్టే అడ్డాకు తీగ, లావుపాటి త్రాడువలె చెట్టునుండి చెట్టుకు ప్రాకి ఉన్నది. దానిని అక్కడ సియాడి అంటారు. ఇవి నాకు తెలియనివి కావు. ఇప్పకూ మహువాకూ సంబంధం నిఘంటువులో చూచిందే. కాని హిందీ గ్రంథంలో మహువా అని చదివినప్పుడల్లా నా మనస్సులో దూరదేశపు వృక్షమొకటి మొలిచేది. ఇప్పచెట్టు మొలిచేది కాదు. పుస్తకానికి పరదేశపు సుగంధం ఉంటే పాఠకునికి ఇష్టమని, కొన్నిచోట్ల తెలిసి తెలిసి హిందీ పేరే ఉంచాను.

సూర్యుడు వాలేవేళకు ఒక వాగు వద్ద ఆగాము. ‘యేర్’ అన్నాడు దాదా, నీళ్ళలో చేయి ముంచి. నలభై ఏడేళ్ళ తరువాత ఆ మాట మళ్ళీ విన్నాను. ఈసారి ‘ఏరు’ అన్నాను గట్టిగా. అతను నావైపు వింతగా చూచాడు. ఆపైన మా ఇద్దరికీ అదొక ఆట అయింది. కొండ చూపి ‘మెట్ట’ అన్నాడు. మాకూ మెట్టే అన్నాను. కొమ్మపైని దానిని చూపి ‘పిట్టె’ అన్నాడు, పిట్ట అన్నాను. వ్రేళ్ళు మడచి ‘ఉండి, రండ్, మూండ్, నాలుంగ్’ అని లెక్కపెట్టాడు; ఒకటి దగ్గర తడబడ్డాను గాని తక్కినవాటికి తడుముకోలేదు. ఎండుపుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీచి ‘కిస్’ అన్నాడు. నిప్పు. దీనికి నావద్ద వెంటనే జత దొరకలేదు. చాలాసేపటికి, మంట పైకి లేచినప్పుడు, ‘చిచ్చు’ తోచింది. గోండీ మాటలు మన మాటలకు చుట్టాలని పండితులు ఎప్పుడో తేల్చినదే. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961నుండి గ్రంథాలయాలలో ఉన్నది. చుట్టరికం నిఘంటువులో చదవటం వేరు, చుట్టం ఇంటికి వెళ్ళి చలి కాచుకోవటం వేరు.

ఢోల్‌కల్ అన్న పేరును గురించి కూడా ఆ మంటవద్దనే నాకొక ఊహ పోయింది. కొండ ఢోలు ఆకారంలో ఉన్నందున ఆ పేరని చెబుతారు. చివరి ‘కల్’ మన ఓరుగల్లులోని కల్లే, అంటే రాయే, ఎందుకు కాకూడదు? పాత తెలుగులో కల్లు అంటే రాయి కదా. ఇది నా ఊహ మాత్రమే, ప్రమాణం లేదు. ఈ సంగతి దాదాకు వివరించబోయి, మా భాషలో కల్లు అంటే రాయీ, త్రాగేదీ కూడా అని చెప్పేసరికి అతను పడీపడీ నవ్వాడు. త్రాగే కల్లు మాట రావటంతో, ‘రేపు దిగేటప్పుడు మీకు సల్ఫీ ఇప్పిస్తాను గురూజీ’ అన్నాడు.

ఇక ఉత్తరం సంగతి చెప్పాలి.

నా సంపుటిలో ఒక పెండ్లిని వర్ణించిన వ్యాసం ఉన్నది. పేద తండ్రి కుమార్తెను అత్తవారింటికి పంపుతూ రెండు సల్ఫీలు ఇచ్చాడని మూలంలో ఒక వాక్యం. సల్ఫీ అంటే మత్తునిచ్చే పానీయమని నాకు అంతకుముందే తెలుసును. అదే వ్యాసంలో నాలుగు పుటల ముందు అందరూ సల్ఫీ త్రాగుతారు. రెండు సల్ఫీలేమిటి, రెండు కుండలై ఉంటుందని, మూలకర్త మాట మ్రింగాడని, ‘రెండు కుండల సల్ఫీకల్లు’ అని పూరించి వ్రాశాను. పుస్తకం అచ్చయిన సంవత్సరానికి ఒక పాఠకుని వద్దనుండి ఉత్తరం వచ్చింది. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, చక్కని దస్తూరి. అనువాదాన్ని మెచ్చుకొని, చివర ఇలా అడిగారు: కన్నకూతురికి కల్లుకుండలిచ్చి పంపే తండ్రి ఎటువంటి తండ్రి? వీరికి మనం ఏ సాహిత్యం చెప్పి ఏమి లాభం? నేను చాలా ఔదార్యంతో సమాధానం వ్రాశాను. ఎవరి ఆచారాలు వారివనీ, మన కొలతలతో వారిని కొలువరాదనీ, రెండు పుటలు. ఆ జాబు నకలు తీసి దాచుకొన్నాను కూడా. అంత బాగా వ్రాశాననుకొన్నాను.

దాదా చెట్టు సంగతి చెబుతున్నాడు. ‘నాకు మూడు ఉండేవి గురూజీ. ఒకటి తెగులు పట్టి ఎండిపోయింది. ఒకటి నాకున్నది. ఒకటి మా అమ్మాయికి పెండ్లిలో ఇచ్చాను.’

‘ఏమి ఇచ్చావు?’

‘సల్ఫీ. చెట్టు. క్రింద వాగు మలుపులో ఉన్నది. నేలమట్టుకు నాది, చెట్టు ఆమెది. అల్లుడు వచ్చి గీసుకొని పోతాడు. కొంత త్రాగుతారు, కొంత సంతలో అమ్ముతారు. దానితో మనుమరాలి బడి బట్టలు కొన్నారు.’

నేను మంటవైపు చూస్తూ కూర్చున్నాను. అతను చెప్పుకొంటూ పోతున్నాడు. నాటిన పదేళ్ళకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఆలస్యంగా, చెట్టు గెల వేస్తుందట. మొదటి గెల శిఖరాన వేస్తుంది. తరువాతిది దానికి దిగువన. అట్లా ఏటేటా క్రిందికి దిగుతూ వచ్చి, ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. తాత నాటినది తండ్రి గీస్తాడు. చెట్టున్న ఇంటికి పిల్లనిస్తారు. ‘చేప తోకవంటి ఆకు’ అని చేతితో గాలిలో గీచి చూపాడు.

చేప తోకవంటి ఆకు! మా అమ్మమ్మగారి ఊరు తూర్పు గోదావరి మన్యపు అంచున. అక్కడ జీలుగు చెట్లున్నవి. జీలుగు కల్లు ఎరుగని మన్యం లేదు. కరవు కాలంలో ఆ చెట్టు దవ్వ దంచి పిండిచేసి అంబలి కాచుకొనేవారని అమ్మమ్మ చెప్పేది. సల్ఫీ అంటే జీలుగు. ‘ఇద్దరు జీలుగుచెట్లిచ్చి పంపినాడు’ అని అమ్మమ్మ అయితే నోరారా అని ఉండేది. చెట్లను మనుషులవలె లెక్కించటం ఆమెకు అలవాటు. ఆ తండ్రి తన కుమార్తెకు జీవితకాలపు ఆదాయమిచ్చి పంపాడు. నేను ఆ చెట్లను నరికి రెండు కుండలుగా చేశాను. ఆపైన, అటువంటి తండ్రిని క్షమించవలసిందిగా మరొక పెద్దమనిషికి నచ్చజెప్పాను.

చాలాసేపు తటపటాయించి దాదాకు చెప్పాను. ఒక పుస్తకంలో, మీవాళ్ళు పెండ్లికూతురికి కల్లుకుండలిచ్చి పంపుతారని వ్రాశాను, తప్పు వ్రాశాను, అని. కోపగిస్తాడనుకొన్నాను. అతను పుల్లతో నిప్పులు ఎగదోసి, ‘ఎన్ని పుస్తకాలు?’ అని అడిగాడు.

‘అయిదువందలు.’

‘అయితే ఆ అయిదువందల ఇళ్ళలో మేము ఇప్పటికీ కుండలే ఇస్తున్నాము’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆపైన సొరబుర్రలోని రాగి అంబలి నాకు కొంత పోసి, ఎర్రచీమల పచ్చడి ఆకులో పెట్టి ఇచ్చాడు. పుల్లగా, ఘాటుగా, బాగున్నది.

రాత్రి నిద్ర పట్టలేదు. రాళ్ళు సర్ది ఆకులు పరచి కంబళి వేసిన పడక ఏమంత సుఖం కాదు. ఏదో రాత్రిపిట్ట, కట్టెపై సుత్తితో కొట్టినట్లు ఒకే చప్పుడు ఎడతెగక చేస్తున్నది. ఎలుగుబంటి రావచ్చునని దాదా మంట ఆరనివ్వలేదు. ఆకులపై ఏ జంతువు కదలినా నేను లేచి కూర్చుంటున్నాను; అతను కన్ను విప్పకుండానే అదేమిటో చెప్పి మళ్ళీ నిద్రపోతున్నాడు. నడిరాత్రి దాటినాక గాలివాటున ఒక రైలు చప్పుడు వినిపించింది. ఖనిజం బండి. ఇంజన్లు బరువుగా రొప్పుతూ తూర్పుకు పోతున్నవి. నాన్నగారు జీవితమంతా కాపలా కాచినది ఆ చప్పుడునే. పట్టాలకు ఆవలివైపునుండి దానిని వినటం నాకు అదే మొదలు. మంచం మీద పడుకొని ఆ చప్పుడు విన్న పిల్లవాడికి అది ఇల్లు. ఇక్కడినుండి వింటే, ఏదో కొండ కొంచెం కొంచెంగా ఎక్కడికో వెళ్ళిపోతున్నట్లున్నది.

చీకటుండగానే లేచాము. చివరి దారి దారి కాదు, రాళ్ళు. దాదా పైన నిలుచుండి చేయి అందిస్తాడు, నేను క్రింద నిలుచుండి ఆలోచిస్తాను. మూడుచోట్ల ఇక నావల్ల కాదన్నాను. మూడుసార్లూ అతను సమాధానం చెప్పకుండా కూర్చున్నాడు. కొంతసేపటికి నేనే లేచాను. శిఖరంపై నిలువగలిగిన చోటు ఒక చిన్న గది అంత కూడా ఉండదు. మూడుప్రక్కలా అగాధం. లోయ నిండా తెల్లని పొగమంచు, దానిలో చెట్లకొనలు దీవులవలె తేలుతున్నవి. నడుమ వినాయకుడు కూర్చుండి ఉన్నాడు.

మూడడుగుల ఎత్తున్న విగ్రహం. నాలుగు చేతులు, పై చేతులలో ఒకదాన పరశువు, మరొకదాన విరిగిన దంతం. పొట్టపై పాము. సూర్యుడు పొడిచి వెలుగు ఏటవాలుగా పడినప్పుడు అతుకులు కనిపించినవి. 2017 జనవరిలో ఎవరో ఈ విగ్రహాన్ని లోయలోకి త్రోసివేశారు. ముక్కలు ముక్కలై చెట్ల నడుమ చెల్లాచెదరైంది. పల్లెలవారు, పోలీసులు, అధికారులు లోయలోకి దిగి ముక్కలు ఏరితే, పురాతత్త్వజ్ఞులు వాటిని జతపరచి మళ్ళీ ఇక్కడనే కూర్చుండబెట్టారు. తాను కూడా ఆ రోజులలో లోయలో వెదికానని దాదా చెప్పాడు. దొరికిన చిన్న ముక్క చెవిదో, వ్రేలిదో తనకు తెలియలేదట. ‘ఇచ్చేశాను. ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తెలుసు’ అన్నాడు. నేను విగ్రహం చుట్టూ తిరిగి ఆ ముక్క ఏది అయి ఉంటుందా అని చూచాను. కనిపెట్టలేకపోయాను.

దక్షిణంగా ఇదే వరుస కిరందుల్ వైపు సాగిపోయింది. ఆ కొండలలోనే నందరాజు కొండ ఉన్నది. దానిని త్రవ్వవద్దని, అది తమ దేవుని ఇల్లని, 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరందుల్‌లో ధర్నాకు కూర్చున్నారు. అది ఏది అని అడిగితే దాదా మంచులోకి చేయి చూపాడు. ఏమీ కనబడలేదు. కాని అతను చేయి చూపిన దిక్కుకు, చెప్పులు విడిచి, నమస్కరించాడు.

దిగటం ఎక్కటంకంటె కష్టం. ఆ విషయం నా మోకాళ్ళు ఈనాటికీ చెబుతున్నవి. తొమ్మిది గంటలకు వాగు మలుపు చేరాము. జీలుగు చెట్టు నిటారుగా, బూడిదరంగు స్తంభంవలె నిలిచి ఉన్నది. గెలలు జడలవలె వ్రేలాడుతున్నవి. గణుపులున్న వెదురు ఒకటి మానుకు కట్టి, దానిపై కాలు మోపుతూ ఒక యువకుడు పైకెక్కి కుండ విప్పుతున్నాడు. దాదా అల్లుడు. క్రిందినుండి దాదా ఏదో కేకవేశాడు. పైనుండి అతను బదులు పలికాడు. ఆ గోండీ మాటలన్నిటిలో నాకు ‘నేండ్’ అన్న ఒక్కటే తెలిసింది. నేడు. అంతవరకు చాలుననుకొన్నాను.

యువకుడు దిగి, అడ్డాకు డొప్పలో పోసి మొదట మామగారికి, తరువాత నాకు ఇచ్చాడు. ఎండ ఎక్కితే పులిసిపోతుంది, త్వరగా త్రాగండి గురూజీ, అన్నాడు దాదా. లేత కొబ్బరినీటికి కొంచెం పులుపు కలిసినట్లున్నది. ఇది మీ అమ్మాయిది కదా, ఆమె లేకుండా త్రాగవచ్చునా అని అడిగాను. ‘ఆమెకు చెప్పే పోశాడు’ అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ ఉపాధ్యాయునికి ఉత్తరం వ్రాశాను. ఇరవై సంవత్సరాల క్రిందటి చిరునామా. ఇంకా జవాబు లేదు. పుస్తకానికి రెండవ ముద్రణ రాలేదు, ఇక రాదు. ఇంట్లో మిగిలిన ప్రతులు ముప్ఫైయొకటి. వాటన్నిటిలో 112వ పుట తీసి, సిరాతో దిద్దాను. ఈ వ్యాసం చదివినవారిలో ఎవరివద్దనైనా ఆ సంపుటి ఉన్నట్లయితే, ఆ పుటలో పైనుండి పదకొండవ పంక్తిలో ‘రెండు కుండల సల్ఫీకల్లు’ అన్నదానిని కొట్టివేసి ‘రెండు జీలుగు చెట్లు’ అని దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.